ట్యూబు మీద పేరు చదవండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చర్మవ్యాధుల మీద ఇంజనీరు మాట్లాడటమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. కమిటీ వాళ్లు నన్ను మన ప్రాంత అభివృద్ధి గురించి చెప్పమన్నారు. రోడ్లు, కాలువల సంగతి మీరు ఇప్పటికే చాలా సభల్లో విని ఉంటారు. ఇన్నేళ్లు సిమెంటు పనుల దగ్గర నిలబడి నేను రోజూ చూసినవి పనివాళ్ల చేతులు, కాళ్లు. వాటి గురించే మాట్లాడతానన్నాను, సరేనన్నారు. మన డాక్టరు మిత్రులు ముందు వరుసలోనే ఉన్నారు. నేను గాడి తప్పితే అక్కడే ఆపండి.

మన ఊళ్లలో ఎవరు ఏ పని చేస్తారో చర్మమే చెబుతుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పరుచుకుంది. సూర్యాపేట దగ్గర అంతకు ముందే మూసీ ప్రాజెక్టు ఉంది. నాట్ల రోజుల్లో ఆడవాళ్ల కాళ్లు పొద్దస్తమానం బురదలోనే ఉంటాయి. వేళ్ల సందులు తెల్లగా నాని పాసిపోతాయి, గోరుచుట్టు వస్తుంది. ఇదేం పెద్ద రోగమని ఎవరూ పట్టించుకోరు. కానీ షుగరు ఉన్నవాళ్లకు ఆ సందులో పడిన చిన్న పగులే దారి. అందులోంచి సూక్ష్మక్రిములు దూరి కాలు ఎర్రగా వాచి, చలిజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడాల్సి వస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు పొడిబట్టతో ఒత్తి ఆరనిస్తే చాలావరకు తప్పుతుంది.

కాలువ గట్ల మీద, రైలు పట్టాల పక్కన తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ మీకందరికీ తెలుసు. దాని పొడి గాలిలో వచ్చి పడి మొహం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు కమిలిపోయే రైతులున్నారు. ఎండ పడక అనుకుని ఏళ్లు గడుపుతారు. ఒంటిచేత్తో పీకకండి. చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

ఇక నాకు తెలిసిన విద్యకు వస్తాను. మేళ్లచెరువు, మట్టంపల్లి, వాడపల్లి చుట్టుపక్కల సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు మన పెరటి సరుకు. తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది. అంటే అది సున్నం లాగే కాలుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. స్లాబు రోజున తడి కాంక్రీటులో మోకాళ్ల మీద కూర్చుని పని చేసినవాడికి అప్పుడేమీ తెలియదు. రాత్రికి చర్మం నల్లబడి పుండవుతుంది. ఇది ఒక రకం. రెండో రకం ఇంకా మొండిది. సిమెంటులో అతి కొద్దిగా ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. ముడిరాయిలోని క్రోమియం బట్టీ వేడికి ఆ రూపంలోకి మారుతుంది. అది నీటిలో కరిగి చర్మంలోకి దిగుతుంది. కొందరి ఒంటికి అది శత్రువుగా గుర్తుండిపోతుంది. ఒకసారి గుర్తుపడితే తర్వాత చిటికెడు తగిలినా చాలు, చేతులు పగిలి రసి కారతాయి. యూరప్ దేశాలు 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల్లో 2 భాగాలు మించకూడదని నియమం పెట్టుకున్నాయి. తయారీలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అది తగ్గుతుంది. పెద్ద రహస్యమేమీ కాదు.

కోదాడ వైపు మేస్త్రి ఒకాయన మా పనుల్లో ఇరవై ఏళ్లు ప్లాస్టరింగ్ చేశాడు. గోడ మీద ఆయన గీత తప్పితే మట్టం కర్రదే తప్పనుకునేవాళ్లం. చేతులు పగలడం మొదలైంది. మందుల షాపులో ట్యూబు కొన్నాడు, వారంలో తగ్గింది. మళ్లీ వచ్చింది, మళ్లీ కొన్నాడు. ఇలా నాలుగేళ్లు. చివరికి అరచేతి వెనుక చర్మం సిగరెట్ కాగితంలా పల్చబడి, తాపీ పట్టుకుంటే నెత్తురు వచ్చేది. చర్మవైద్యుడు వీపు మీద రకరకాల పదార్థాల పట్టీలు అంటించి పరీక్ష చేసి, క్రోమియం అని తేల్చాడు. క్రోమియంతో శుద్ధి చేసిన తోలు చెప్పులు కూడా వేసుకోవద్దన్నాడు. కాళ్ల మీద దద్దుర్లు ఎందుకో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఆయన తాపీ వదిలి సెంట్రింగు పనికి మారాడు. ఇరవై ఏళ్ల పనితనం పోయింది. మొదటి ఏడాదే కారణం తెలిసి ఉంటే, లోపల నూలు, పైన రబ్బరు గ్లౌజులతో, మాలు కలిపిన బకెట్లో కాక శుభ్రమైన నీళ్లతో చేతులు కడుక్కుంటూ ఆయన ఇంకొన్నాళ్లు గోడలు నున్నగా తీర్చేవాడు.

ఆ ట్యూబు సంగతే ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు విషయం.

తామర అంటే ఏమిటో మన ఎండల్లో, మన చెమటల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గజ్జల్లో, నడుము చుట్టూ, గుండ్రంగా, అంచు ఎర్రగా. ఇది ఫంగస్. బిగుతు ప్యాంటు, తడి ఆరని లోదుస్తులు, ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు దానికి నీళ్లు, ఎరువు. షాపులో అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఇస్తారు. అందులో ఒకటి స్టెరాయిడ్. రాసిన రెండో రోజే దురద మాయం. మందు బ్రహ్మాండం అంటాం, పక్కవాడికి కూడా చెబుతాం.

మన బావుల దగ్గర చూసే ఉంటారు. లోడు ఎక్కువైతే స్టార్టరులో రిలే పడిపోతుంది. విసుగొచ్చి కొందరు రిలే తీసేసి డైరెక్టు కలుపుతారు. మోటరు ఆగకుండా తిరుగుతుంది, మూడో రోజుకి వైండింగ్ కాలిపోతుంది. దురద, ఎరుపు ఒంటికి రిలే లాంటివి. స్టెరాయిడ్ ఆ రిలేను డైరెక్టు చేస్తుంది. కాపలా లేని చోట ఫంగస్ హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసిన డాక్టరు కూడా ఒక్క క్షణం ఇది తామరేనా అని ఆలోచించేలా తయారవుతుంది. తొడ మడతల్లో గర్భిణి పొట్ట మీద పడినట్టు చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పోవు.

ఇది మన ఇంటి గొడవతో ఆగలేదు. గత పదేళ్లలో మన దేశంలో మొండి తామర ఎంతగా వ్యాపించిందంటే, ఆ ఫంగస్ రకానికి 2020లో పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. టెర్బినాఫిన్ అనే మంచి మందుకు అది చాలాచోట్ల లొంగడం లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరిలో దాన్ని గుర్తించారు. అమెరికాలో ఉన్న మన బ్యాచ్ వాళ్లు నవ్వుకోవద్దు, అక్కడికి కూడా చేరింది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 2018లో ఈ స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. నియమం కాగితం మీద ఉంది. చీటీ చూపించమని మిమ్మల్ని అడిగిన షాపు ఏదైనా ఉంటే దానికి దండం పెట్టండి.

స్టెరాయిడ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద వాడటం మొదలుపెట్టాక ఎగ్జిమాతో నిద్రలేని ఎంతోమందికి నిద్ర పట్టింది. సోరియాసిస్‌కు కూడా అది పనికొస్తుంది. ఎంత బలమైనది, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది తెలిసినవారు చెప్పాలి. తామరకు మాత్రం ఫంగస్ మందే కావాలి. పూత మందు, అవసరమైతే ఇట్రాకొనజోల్ వంటి మాత్ర, డాక్టరు చెప్పినన్ని వారాలు. మచ్చ మాయమైన రోజునే ఆపితే తిరిగి వస్తుంది. ఇంట్లో ఎవరికి ఉన్నా అందరూ ఒకేసారి చూపించుకోవాలి.

చెల్లెళ్లకు ఒక మాట. మంగుమచ్చలకు, తెల్లబడటానికి అని పెళ్లిళ్ల సీజన్లో చేతులు మారే క్రీముల్లో కూడా ఇదే సరుకు ఉంటుంది. మొదట మొహం మెరుస్తుంది. ఆపితే ఎర్రబడి మండుతుంది, మండుతుందని మళ్లీ రాస్తారు.

గురువులకు రెండు విన్నపాలు. హాస్టలు పిల్లలు రాత్రిళ్లు గోక్కుంటుంటే, వేళ్ల సందుల్లో పొక్కులుంటే అది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో బొరియ చేసి గుడ్లు పెడుతుంది. ఒక్క పిల్లవాడికి మందు రాస్తే లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ల దాకా పర్మెత్రిన్ 5 శాతం క్రీము రాసి, పొద్దున కడిగి, వారానికి మళ్లీ రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, అందుకని మందు మీద మందు రాయొద్దు. రెండోది, పాలిపోయిన మచ్చ మీద పిల్లవాడికి స్పర్శ తెలియకపోతే ఆ వారమే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. కుష్టుకు మందులు ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల్లో పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలే ఉంది, హైదరాబాదు బస్సు ఎక్కనక్కర్లేదు.

ఇంటికి వెళ్లాక అలమరలోని ట్యూబులు తీసి, కళ్లజోడు పెట్టుకుని, చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. కొన్నాళ్లుగా రోజూ రాస్తున్నవాళ్లు నా మాట విని ఉన్నపళంగా విసిరేయకండి, ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి.

భోజనాల తర్వాత పదో తరగతి గదిలో మన డాక్టరు మిత్రులు సాయంత్రం దాకా కూర్చుంటామన్నారు. ఎవరి సంచిలోనైనా ట్యూబు ఉంటే అక్కడికి పట్టుకెళ్లండి.