జన్మపాపము పుట్టుక మైల కాదు



జన్మపాపము అను మాట తెలుగులో పలికినప్పుడెల్ల మనకొక చిక్కు వచ్చుచున్నది. వినువారికి వెంటనే పురిటి మైల జ్ఞాపకము వచ్చును, లేదా వెనుకటి జన్మలో చేసిన కర్మము. మనలో చాలమందికి ఇవి వట్టి తలంపులు కావు. మన తాతముత్తాతలను ఊరి బావి చెంతకు రానీయక, అది మీ పూర్వజన్మ ఫలమని చెప్పినవారుండిరి. అట్టి యింట పుట్టినవాడు గుడిలోనికి వచ్చి "నీవు పుట్టుకతోనే పాపివి" అని వినినయెడల, పాత మాటనే క్రొత్త గొంతుతో వినినట్లుండును. ఈ బాధను మనము తేలికగా తీసివేయరాదు.

అయితే తేడా చూడుడి. ఆ రీతిగా వాడబడిన కర్మ బోధ ఒకని పుట్టుకను మరియొకని పుట్టుకకంటె తక్కువ చేసెను. పౌలు రోమా పత్రిక 5వ అధ్యాయములో ఆదామును గూర్చి వ్రాసినదో, అందరిని ఒక్క వరుసలో నిలువబెట్టుచున్నది. రెడ్డిగారి మేడలో పుట్టిన బిడ్డకు ఒక ఆదాము, మాలపల్లె బిడ్డకు వేరొక ఆదాము లేడు. 1822లో లండన్ మిషనువారు కడపలో పని ఆరంభించిరి. 1876–78 ధాత కరవు తరువాత మాలపల్లెలు, మాదిగపల్లెలు గుంపులుగా సంఘములో చేరినవి. వారికి ఈ బోధ క్రిందికి త్రోయు బోధ కాదు. పైవాడనని తలంచినవానిని వారి ప్రక్కకు దించిన బోధ.

పుట్టుకతో మనకు సంక్రమించునది ఏమి? హిప్పో బిషప్పైన అగస్టీను దోషము కూడ సంక్రమించుననెను. ఆయనకు ఎదురాడిన పెలాగియస్ బోధను 418లో కార్తేజి సభ ఖండించెను. తూర్పు సంఘములు మాత్రము, మరణమును చెడిన స్వభావమును వచ్చును గాని ఆదాము దోషము బిడ్డమీద మోపబడదనుచున్నవి. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయము ఉండనే యున్నది.

మన సీమవారికి ఇది గ్రహించుట కష్టము కాకూడదు. ఫ్యాక్షను గ్రామములో పుట్టిన పిల్లవానిని తలంచుడి. పగను వాడు మొదలుపెట్టలేదు. ఏ పొలము గట్టు దగ్గర, ఏ పంచాయతి ఎన్నికలో రేగినదో వానికి తెలియదు. అయినను బడికి పోకమునుపే ఏ వీధి మనది, ఏ వీధి వారిది, ఎవరింట మంచినీళ్లు త్రాగరాదో నేర్చుకొనును. పెద్దవాడై వేటకొడవలి పట్టినచో ఆ చెయ్యి వానిదే, లెక్క చెప్పవలసినవాడు వాడే. పగ మాత్రము వానికంటె ముందే ఆ యింట కాపురమున్నది. ఈ రెండును నిజమే.

ఇక మన మాట. గుడిలో ఒక్క పాత్రలోనిది త్రాగి, పెండ్లి సంబంధములకు పోవునప్పుడు మాల, మాదిగ అని విడిపోవుచున్నాము. పాస్టరేటు కమిటీ ఎన్నికలు వచ్చిన నెలలో జన్మపాపమును రుజువుచేయుటకు ప్రసంగీకుడే అక్కరలేదు! ఒకప్పుడు మనమీద మోపబడిన పుట్టుక తూకమును మనమే చేతపట్టితిమి. ఇది మిషనెరీ తెచ్చినది కాదు, పై కులమువారు వచ్చి మన యింట పెట్టినది కాదు. మన పిల్లలు మన అరుగులమీదనే దీనిని నేర్చుకొనుచున్నారు.

కర్నూలులోని మన బాప్టిస్టు సహోదరులు శిశువులకు బాప్తిస్మమియ్యరు. ఆ వాదము నేడు మనకు వద్దు. మన గుడులలో బిడ్డను ఎత్తుకొని వచ్చినప్పుడు తల్లిదండ్రులతోపాటు సంఘమును మాట యిచ్చుచున్నది. ఆ బిడ్డ వినునట్లు ఎదుటివారి కులమును ఎత్తిపొడువమని, తగిన సంబంధము వచ్చినప్పుడు ఏ పల్లెవారని అడిగి త్రిప్పిపంపమని ఆ మాటలోనే యున్నది. వచ్చు ఆదివారము బాప్తిస్మములున్నవి గనుక, తల్లిదండ్రులను శనివారము సాయంకాలమే పిలిచి కూర్చుండబెట్టి ఈ సంగతి పేరుపెట్టి మాటలాడుదము.