పలుకని పలక



దొంగల భయమునకు విరుగుడుగా మన యిండ్లలో బిగించుకొను అలారము యంత్రమును, ఏదో ఒక కారణమున విప్పి, మరల యథాస్థానమున బిగించిన పిమ్మట, గోడమీది కీప్యాడు పలుకకపోవుటయో, పలికినను మాట వినకపోవుటయో సంభవించినపుడు గృహస్థు ఏమి చేయవలెను అను విషయమును సామాన్యులకు బోధపడునట్లు చెప్పవలసినదని ఈ గ్రంథాలయమువారు నన్ను కోరిరి. ఇరువది యేండ్లకు పైగా ఈ తీగల నడుమనే కాలము గడిపినవాడను గనుక, ఇది చిన్న విషయమని నేను తలంపను. రాత్రి ఒంటరిగా నిదురించు వృద్ధులకు ఆ పలకమీద వెలుగు చిన్న ఆకుపచ్చ దీపము ఎంత ధైర్యమో, అది ఆరిన రాత్రి వారికి నిద్రయెట్లు దూరమగునో, నేను కన్నులార చూచినవాడను.

మన ప్రాంతమున ఈ యంత్రములను విప్పుట ప్రాయికముగా రంగులు వేయించునపుడే జరుగును. సంక్రాంతికి ముందో, ఇంట పెండ్లి తలపెట్టినపుడో, గోడలు గీకి లప్పము పట్టింతురు. పనివాండ్రు అడ్డమని కీప్యాడును ఊడదీసి, తీగలను అట్లే వ్రేలాడవిడుతురు. నెలయో రెండు నెలలో గడచిన పిదప ఎవరో ఒకరు వచ్చి బిగింతురు. బిగించునపుడు కలిగెడి చిక్కులలో పెక్కింటికి విత్తనము విప్పినపుడే పడియుండునని నా అనుభవము.

మొట్టమొదట తెలిసికొనవలసినది, కీప్యాడు యంత్రము కాదు అనుట. అసలు యంత్రము అటకమీదనో సామానుగదిలోనో ఇనుపపెట్టెలో దాగియున్న ప్యానెలు. తలుపులు తెరచిరా, మూసిరా అని కనిపెట్టుటయు, సైరన్ మ్రోగించుటయు, రహస్యాంకెలను జ్ఞాపకముంచుకొనుటయు దాని పని. కీప్యాడు దానికి నోరును చెవియు మాత్రమే. ఈ రెంటిని కలుపునవి సాధారణముగా నాలుగు తీగలు: ఎఱ్ఱనిది, నల్లనిది విద్యుత్తును తెచ్చును, పసుపుపచ్చనిది, ఆకుపచ్చనిది మాటలను మోయును. రోగి నోట మాట రాకున్న వైద్యుడు నాలుకను మాత్రమే చూచి ఊరకొనడుగదా! అయినను, కీప్యాడు పలుకకున్న వెంటనే అంగడికి పోయి క్రొత్త కీప్యాడు కొనితెచ్చు గృహస్థులను నేను లెక్కకు మిక్కిలిగా చూచితిని. ఆ ధనము చాలవరకు వృథా.

కీప్యాడు మౌనము ఒక్కటే విధమైనది కాదు. దీపము లేదు, శబ్దము లేదు, అక్షరము లేదు అన్నచో అది విద్యుత్తు అందని మౌనము. వెలుగు ఉన్నది, మీట నొక్కిన చిన్న శబ్దముకూడ వచ్చుచున్నది, కాని తెరమీద యంత్రము అందుబాటులో లేదనియో, వైరింగు చూడుమనియో వ్రాత నిలిచిపోయినదన్నచో, అది ప్రాణముండియు మాట అందని స్థితి. ఇక అంతయు సరిగానే యుండి, రహస్యాంకె నొక్కినను అలారము సిద్ధము కాక, ఏదో ఒక జోన్ సంఖ్యను, అనగా ఒక తలుపు తీగకు ప్యానెలు పెట్టుకొన్న సంఖ్యను, చూపుచు మొండికేసినదన్నచో, దోషము కీప్యాడుదీ కాదు, దాని తీగలదీ కాదు. ఎక్కడనో ఒక తలుపుదగ్గఱ నున్నది. ఈ మూడింటిలో మీ యింటిది ఏదియో ముందుగా తేల్చుకొన్నచో సగము శ్రమ తప్పును.

రెండవ విధమైన మౌనము నాకు నేర్పిన పాఠమును చెప్పెదను. చాలకాలము క్రిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయిని గారింట, కుమార్తె వివాహమునకై రంగులు వేయించుటవలన, అలారమును నేనే విప్పితిని, నేనే బిగించితిని. ఆ యింట గోడలోని తీగ మామూలు నాలుగు తీగల కేబులు కాదు. ఇంటర్నెట్టునకు వాడు ఎనిమిది తీగల కేబులు. అందు ఎఱుపు లేదు, నలుపు లేదు. నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, వాని వాని తెల్లని జంటలు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట, సున్నపుదుమ్ము కప్పిన ఆ తీగలను మసక దీపము క్రింద కలిపితిని. కీప్యాడు వెలిగినది గాని ప్యానెలుతో మాటాడలేదు. నేను కీప్యాడును మార్చితిని, ఫలములేదు. ప్యానెలునే శంకించితిని, కంపెనీనుండి క్రొత్తది తెప్పింతమను నిశ్చయమునకు వచ్చితిని. నా అవస్థను అంతవఱకు మౌనముగా చూచుచున్న ఆ తల్లి దగ్గఱకు వచ్చి, "నాయనా, విప్పేటప్పుడు ఏ రంగు ఎక్కడుందో రాసుకున్నావా?" అని అడిగిరి. వ్రాసికొనలేదు. ఆ ప్రశ్నకు సిగ్గుపడితిని; కాని ఆ ప్రశ్నయే దారి చూపినది.

వెంటనే కీప్యాడును గోడనుండి తీసి, అటకమీది ప్యానెలు దగ్గఱకే కొనిపోయి, రెండడుగుల పొడవుగల నాలుగు క్రొత్త తీగలతో నేరుగా కలిపి చూచితిని. క్షణములో పలికినది. ప్యానెలు మంచిది, కీప్యాడు మంచిది; దోషము నడుమనున్న తీగయందే అని తేటతెల్లమాయెను. దిగివచ్చి పగటి వెలుతురువంటి దీపము తెప్పించి చూడగా, మాటలు మోయవలసిన నారింజ, గోధుమ తీగలు ఒకదానిస్థానమున నొకటి చేరియుండెను. ఆ రెండింటిని తారుమారు చేసినంతనే యంత్రము పలికెను. నాటినుండి నేటివఱకు, ఒక్క స్క్రూ విప్పుటకు ముందైనను, ఏ తీగ ఏ స్థానమున నున్నదో కాగితముమీద వ్రాసికొని, ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనక నేను చేయి పెట్టను. పైని చెప్పిన పరీక్షయు, అనగా కీప్యాడును ప్యానెలు చెంతకే తీసికొనిపోయి చిన్న తీగలతో కలిపి చూచుట, ఏ కొలత పరికరమును కోరనిది; దీనికి మించిన పరీక్ష ఈ వృత్తిలో నాకు తెలియదు. తీగలను మార్చునపుడెల్ల కరెంటును ఆపి, బ్యాటరీ కొసను ఊడదీసియే మార్చవలెను. ప్యానెలు పెట్టెలోనికి 230 వోల్టుల తీగయే వచ్చు ఇండ్లు మనకు కొల్లలుగా గలవు గనుక, ఆ పెట్టె తెరచు పని ఎలక్ట్రీషియను చేతిమీదుగా జరుగుటయే క్షేమము.

ఇప్పుడు మొదటి విధమైన మౌనమునకు వత్తము. మల్టీమీటరును డీసీ వోల్టులకు త్రిప్పి, కీప్యాడు వెనుకనున్న ఎఱుపు, నలుపు స్థానములమీద పెట్టినచో, ఆరోగ్యముగానున్న యంత్రమున 12 మొదలు 14 వోల్టుల లోపల కనబడవలెను. ప్యానెలు దగ్గఱ పదుమూడున్నర చూపి, కీప్యాడు దగ్గఱ పదికి దిగినదన్నచో, నడుమ ఏదో అతుకు చెడినదని అర్థము. తీగ స్వయముగా త్రాగు వోల్టు మిక్కిలి తక్కువ: 22 గేజి రాగి తీగకు వేయి అడుగులకు సుమారు 16 ఓముల నిరోధముండును, కీప్యాడు నూఱడుగుల దూరముననున్నచో, పోవు తీగ, వచ్చు తీగ కలిసి రెండు వందల అడుగులు, అనగా 3.2 ఓములు, కీప్యాడు 100 మిల్లీ ఆంపియరులు వాడుకొన్నను పోవునది వోల్టులో మూడవవంతు మాత్రమే. కాని అదే తీగమీద, పని తేలికయగునని ఎవరైన సైరన్‌నుగూడ తగిలించి, అది అర ఆంపియరు లాగినచో, ఒకటిన్నర వోల్టుకు పైగా దారిలోనే హరించును. అప్పుడు సైరన్ మ్రోగినంతసేపు కీప్యాడు మూర్ఛపోవచ్చును! సైరన్‌కు ప్యానెలునుండి వేఱు తీగ లాగవలెననుట ఇందుచేతనే. ఇక అతుకులమాట: చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, లప్పపు తడి తగిలి, కొలది నెలలలోనే లోలోపల చిలుము పట్టును. మన కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని మఱింత త్వరగా ముగించును. వానిని కత్తిరించి, రాగి మెఱయునట్లు ఒలిచి, తిరిగి కలుపవలెను.

విద్యుత్తు అందినది, తీగలు సరియైనవి, ఐనను మాటలేదు. అపుడు పేరునుగూర్చి ఆలోచింపవలెను. ఒకే ఇంట రెండు మూడు కీప్యాడులుండుట గలదు గనుక, ప్యానెలు ప్రతిదానిని ఒక సంఖ్యతో పిలుచును. దానిని అడ్రసు అందురు. హనీవెల్ వారి విస్టా జాతి ప్యానెలులలో మొదటి కీప్యాడు సంఖ్య 16, రెండవదానిది 17. క్రిందిదానిని మేడమీదను, మేడమీదిదానిని క్రిందను బిగించినంతమాత్రమున నష్టములేదు. కాని అంగడినుండి తెచ్చిన క్రొత్తదాని సంఖ్య పాతదాని సంఖ్యయే అయినచో, ఒక్క పేరుతో పిలువగా ఇరువురు ఒక్కసారి పలికినట్లై, రెండును తడబడును. ఆ జాతి కీప్యాడులలో పెక్కింట, విద్యుత్తు అందిన తొలి 60 సెకనులలో 1, 3 అంకెలను కలిపి నొక్కి పట్టినచో ఈ సంఖ్య తెరమీద కనబడును. ఇతర కంపెనీల పద్ధతులు వేఱు. యంత్రముతో వచ్చిన పుస్తకమును పాఱవేయక దాచియుంచుడు.

మూడవది, యంత్రము పలుకుచు మొండికేయుట. దీనిని తెలిసికొనుటకు ఒక్క నిమిషము వెనుకటి కాలమునకు పోవలెను. 1853లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఆగస్టస్ రసెల్ పోప్ అను నతడు విద్యుత్తుతో మ్రోగు దొంగల అలారమునకు పేటెంటు పొందెను. కొలది యేండ్లకు ఆ హక్కులను కొని, దానిని వ్యాపారముగా నడపినవాడు ఎడ్విన్ హోమ్స్. పోప్ పద్ధతిలో తలుపు తెరచినపుడే వలయము పూర్తియై గంట మ్రోగును. అట్టి పద్ధతిలో దొంగ ముందుగా తీగ కోసినచో ఇక గంటయే లేదు. అందుచేత తరువాతివారు దానిని తలక్రిందులు చేసిరి: తీగలో ఎల్లపుడును కొంచెము విద్యుత్తు ప్రవహించుచుండును, తలుపు తెరచినను తీగ కోసినను ఆ ప్రవాహము తెగి అలారము మ్రోగును. కాని తెలిసినవాడు రెండు తీగలను కలిపివేసి తలుపు తెరచినచో? దానికి విరుగుడుగా తీగ చివర, తలుపు దగ్గఱ, ఒక చిన్న రెసిస్టర్ ముక్కను పెట్టిరి. ప్యానెలు ఆ నిరోధమును కొలుచుచుండును. తెగినను, కలిసిపోయినను తేడా కనిపెట్టును.

ఈ కథ ఎందుకనగా, బియ్యపుగింజకంటె కొంచెము పొడవైన ఆ రెసిస్టరే మన చిక్కులలో చాల భాగమునకు మూలము. రంగులవాండ్రు దానిని చెత్తయని ఊడ్చివేయుదురు. అది పోయినచో ప్యానెలు దృష్టిలో ఆ తలుపు నిత్యము తెరచియే యుండును. కీప్యాడు ఆ జోన్ సంఖ్యనే చూపును. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విలువను వాడును: కొందఱివి 1000 ఓములు, కొందఱివి 2000, మఱికొందఱివి 5600. ఒడలిమీది చారలే దాని పేరు. గోధుమ, నలుపు, ఎఱుపు అన్నచో 1000. ఆకుపచ్చ, నీలము, ఎఱుపు అన్నచో 5600. ఒకదానికి బదులు మఱియొకటి పనికిరాదు. దానిని ప్యానెలు పెట్టెలోనే తగిలించి పని ముగించువారు గలరు. దీపము ఆకుపచ్చగనే వెలుగును, కాని తీగ పొడుగునను ఇచ్చిన కాపుదల పోయినట్లే. దీనిని నేను మోసమనియే అందును.

రెసిస్టర్ సరిగానున్నచో తలుపుమీది అయస్కాంతమును చూడుడు. దానికిని తలుపు చట్రముమీది కాంటాక్టునకును నడుమ వ్రేలెడు ఎడము మించరాదు. ఇనుప తలుపులయందు ఆ ఇనుము అయస్కాంతబలమును హరించును గనుక ఇంకను దగ్గఱగా నుండవలెను. ఇంటి తలుపులన్నియు మూసియుండగా కీప్యాడు "టాంపర్", అనగా ఎవరో తన్ను కదిలించిరి, అని మొఱపెట్టుచున్నదా? దాని వెనుకనున్న చిన్న స్ప్రింగు గోడకు ఆనలేదన్నమాట. క్రొత్త లప్పము ఎగుడుదిగుడుగా నున్నచో ఇట్లగును. వైరులేని సెన్సారులకు తీగల బాధ, రెసిస్టర్ బాధ లేవు. క్రొత్త బ్యాటరీ వేసి, ప్యానెలుకు తిరిగి పరిచయము చేయించిన సాధారణముగా చాలును.

బ్యాటరీనిగూర్చి ఒక మాట. పెట్టెలోని 12 వోల్టుల, 7 ఆంపియరు గంటల సీసపు బ్యాటరీని విప్పి, నెలల తరబడి మూలబెట్టినచో, తనంతట తానే క్రమముగా శక్తి నుడిగి, లోపలి పలకలమీద సీసపు సల్ఫేటు పెచ్చు కట్టవచ్చును. మరల బిగించిన మఱునాడు కీప్యాడు గంటకొకసారి కూయుచున్నదని నాకు ఫోను చేయువారిలో సగముమంది చిక్కు ఇదియే. ఒక దినమంతయు కరెంటుమీద నుంచి, పిమ్మటకూడ కూసినచో మార్చుడు. కరెంటు, బ్యాటరీ రెండును లేనపుడు గడియారపు కాలముగూడ తప్పిపోవచ్చును, కొన్ని యంత్రములు దానినిగూర్చికూడ కూయును, కాలము సరిచేసిన ఊరకుండును. కంపెనీనుండి వచ్చినప్పటి స్థితికి యంత్రమును మరలించినవారు మాత్రము, రహస్యాంకెకూడ పుస్తకములో అచ్చువేసిన అంకెకే మరలినదని మఱువక, ఆ సాయంకాలమే దానిని మార్చుకొనవలెను.

ఈ బల్లమీద ఒక ప్యానెలు, ఒక కీప్యాడు, మూడు తలుపుల కాంటాక్టులు మీకొఱకే తెచ్చితిని. పన్నెండు వోల్టులే గనుక భయములేదు. ఇందు నేను మూడు దోషములను కావలెననియే పెట్టియున్నాను. మీటరు ఇదిగో, కాగితము, పెన్సిలు ఇదిగో. ముందు వరుసలోని అమ్మగారూ, తాము రండు. విప్పుటకు ముందు రంగులు వ్రాసికొనుడు.