భరణము – మాఱిన పరిస్థితులు

కొన్ని నెలల క్రిందట నొక మధ్యాహ్నము ఒక సోదరి నా యింటికి వచ్చినది. ఆమె చేతిలో 12 సంవత్సరముల నాటి డిక్రీ నకలు కలదు. విడాకుల పిమ్మట భర్త ఆమెకు నెలకు 4,000 రూపాయలు భరణమీయవలెనని అందు వ్రాసియున్నది. అతడు తప్పక ఇచ్చుచునే యున్నాడు. "వకీలుగారూ, అతనిమీద నాకు ఫిర్యాదు లేదు. ఆనాడు ఈ సొమ్ముతో అద్దెయు బియ్యమును గడిచెడివి. నేడు అద్దెకే చాలదు. తీర్పు తీర్పే గదా, మార్చుమని యడుగుట నాకు తగునా?" అని యామె ప్రశ్నించినది.

ఆమెకు చెప్పిన సమాధానమునే నేడు మీకు విన్నవింతును.

మనలో పెక్కండ్రు తీర్పును శిలాశాసనముగా నెంచుదురు. భూమి తగాదాలలో అది చాలవఱకు నిజమే. కాని భరణము మనుష్యుల యవసరములతోను రాబడితోను ముడిపడినది. అవి మాఱినప్పుడు ఇదియు మాఱవలెను. 1955 నాటి హిందూ వివాహ చట్టపు 25వ సెక్షను ఈ న్యాయము నంగీకరించినది. ఉత్తరువు వెలువడిన పిమ్మట ఉభయులలో ఎవరి పరిస్థితి మాఱినను, ఎవరు కోరినను, న్యాయస్థానము ఆ మొత్తమును మార్పవచ్చును, రద్దుపఱుపవచ్చును. ఈ సెక్షను క్రింద భరణము కోరు హక్కు భర్తకును కలదు.

మతభేదము లేక వర్తించు మార్గము మఱియొకటి కలదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 125వ సెక్షను భరణమును, 127వ సెక్షను దాని మార్పును చెప్పెడివి. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144, 146 సెక్షనులు వాని స్థానము నాక్రమించినవి. పూర్వము ఈ మార్గమున భరణము నెలకు 500 రూపాయలు మించరాదను నియమముండెను. 1955లో పెట్టిన ఆ యంకె 2001 వఱకు కదలలేదు. ధరలు పెరుగుచుండగా అంకె నిలిచిపోయిన నెంత యన్యాయమో దీనివలననే తెలియును.

ఇక రెండవ పక్షము. ఒక యువకుడు కొలువు పోయినదని తనంత తానే భరణము నిలిపివేసెను. ఎనిమిది నెలల బకాయి పేరుకొనిన పిమ్మట నాయొద్దకు వచ్చెను. అతని కష్టము నిజమే. కాని ఉత్తరువు మాఱువఱకు పాత యుత్తరువే చెల్లును. తగిన కారణము లేక బకాయిపడిన వానికి జైలుశిక్ష కూడ సంభవింపవచ్చును. కొలువు పోయిన వెంటనే అతడు దరఖాస్తు పెట్టుకొనియుండిన, ఆ బకాయిలో కొంతయైన తప్పియుండెడిది. భరణము పొందువారును సంహిత క్రింద వచ్చు బకాయిని ఏడాదిలోపల వసూలునకు కోరవలెనని మఱవరాదు.

ఏది మాఱిన పరిస్థితి? వ్యాధి, ఉద్యోగ విరమణ, రాబడి హెచ్చుతగ్గులు, పిల్లల చదువు, ధరల పెరుగుదల: ఇవి యన్నియు విచారణలోనికి వచ్చును. భార్య పునర్వివాహము చేసికొనిన, భరణము రద్దుకు భర్త కోరవచ్చును. ఆమెకు స్వల్పముగా సంపాదన యున్నంత మాత్రమున హక్కు పోదు. భరణ మెగగొట్టుటకై కావలెనని కొలువు మానిన భర్త మాట చెల్లదు. ఉభయులును తమ ఆదాయము, ఆస్తి, వ్యయము ప్రమాణపత్రముపై తెలుపవలెనని సుప్రీంకోర్టువారు 2020లో ఆదేశించిరి. 2025లో ఒక వ్యాజ్యమున వారే నెలకు 50,000 రూపాయలు నిర్ణయించి, రెండేండ్ల కొకసారి నూటికి 5 చొప్పున పెరుగునట్లు చేసిరి. ఇట్టి షరతు మొదటనే వ్రాయించుకొనిన, మాటిమాటికి కోర్టు మెట్లెక్కు శ్రమ కొంత తగ్గును.

కావున అద్దె రసీదులు, వైద్యుని చీటీలు, జీతపు పత్రములు, బడి రుసుము రసీదులు భద్రపఱచుకొనుడు. ఒక్కసారిగా సొమ్ము తీసికొని హక్కు వదులుకొను కాగితముపై వ్రాలుచేయుటకు ముందు దానిని చదివించుకొని వినుడు. పిదప పశ్చాత్తాపపడిన దానిని త్రిప్పుట మిక్కిలి కష్టము.

ఆ సోదరి దరఖాస్తు ఇప్పుడు విచారణలో నున్నది. ఎంత పెరుగునో నేను చెప్పజాలను. వకీలు ఫీజు కెట్లని యామె వెనుకాడినది. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీలకు ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయస్థానము నావరణలోని న్యాయసేవాధికార సంస్థ నడిగిన చాలును. ఈ సంగతి మీ యిరుగుపొరుగున అవసరమున్న వారికి తెలుపుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.