మారినా సిటీలో ఒక ఫ్లాటు

చికాగో నదీతీరమున బెర్‌ట్రాండ్ గోల్డ్‌బెర్గ్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేయగా 1960 దశకమున వెలసి, మొక్కజొన్న కంకులవలె గుండ్రముగా నిలిచియున్న మారినా సిటీ జంటసౌధములలో ఒక ఫ్లాటు అమ్మకమునకు వచ్చినదన్నచో, కొనదలచినవాని మనస్సు తొలుత బాల్కనీవైపే పరుగిడును. ఒక్కొక్కటి 65 అంతస్తులుగల ఈ కట్టడములలో క్రింది 19 అంతస్తులు మోటారుకార్ల నిలుపుదలకే వినియోగింపబడినందున, నివాసగృహములన్నియు అంతకు మీదనే యుండి, నడుమనుండి అంచునకు వెడల్పగుచు అర్ధవృత్తాకారపు బాల్కనీలలో ముగియును. తగిన దిక్కు దొరకినచో నదియు నగరమును ఏకదృష్టిలో గోచరించును. ఆ ఆకర్షణ యథార్థమైనదే.

అయితే లోపల లంబకోణములు అరుదు. మూలకు చేర్చిన అలమర రెండవ గోడకు ఆనదు, ప్రక్కన త్రికోణపు సందు మిగులును. వేడిమి, చల్లదనము, వంట సమస్తమును విద్యుత్తుతోనే గనుక శీతకాలపు బిల్లులను అడిగి చూడవలెను. 1977లో ఈ అద్దెయిండ్లు సొంతయిండ్లుగా మారినవి. ఉమ్మడి నిర్వహణ రుసుమును, మరమ్మతు నిధి నిల్వను విచారింపక బయానా ఇయ్యరాదు.

2016లో నగరము దీనిని చారిత్రక కట్టడముగా గుర్తించినందున బాహ్యరూపమును మార్చుట ఇక సులభము కాదు. నా దృష్టిలో అదియే దీని విలువ. చతురస్రపు గదులే కావలసినవారు వేరొక ఇల్లు చూచుకొనుట మేలు.