వీధి ఫోటోలో ఎవరు చెరిగిపోతున్నారు?



1838లో లూయీ డాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫోటో తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. కాబట్టి నడిచే మనుషులు, కదిలే బండ్లు అందులో లేకుండా పోయాయి. కనిపించేది బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒక మనిషి. కదలకుండా నిలబడ్డాడు కాబట్టి స్పష్టంగా పడ్డాడు. ఆయన కాళ్ల దగ్గర పనిచేస్తున్న శ్రామికుడు మాత్రం మసకగా మిగిలాడు. మోషన్ బ్లర్‌లోని రాజకీయం నాకు అక్కడే కనిపిస్తుంది.

ఆనాడు అది పరికరం పరిమితి. ఇవాళ మన ఎంపిక. షట్టర్‌ను సెకనులో 15వ వంతుకు పెట్టి కెమెరాను కదపకుండా పట్టుకుంటే, ఊడ్చే కార్మికురాలి చేతులు చెదిరిపోతాయి, వెనక షాపు బోర్డు నిలుస్తుంది. అదే షట్టర్‌తో చెత్తబండి తోసే మనిషి వెంట కెమెరాను తిప్పితే ఆయన నిలుస్తాడు, నగరం గీతలవుతుంది. దీన్నే పానింగ్ అంటాం.

రంగుల సంగతీ అంతే. ఎడిటింగ్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ పెంచితే నల్లటి చర్మం తెల్లబడుతుంది. నీలాన్ని పచ్చవైపు జరిపే ప్రీసెట్ వేస్తే, డిసెంబర్ 6న చైత్యభూమిలో ఎగిరే జెండా మన నీలం కాకుండా పోతుంది. ముంబై పారిశుద్ధ్య కార్మికులను సుధారక్ ఓల్వే నలుపు తెలుపులో చూపించారు. రంగు వదిలేసినా, మనుషులను వదల్లేదు.

బ్లర్ వద్దని నేననను. పని పోతుందని భయపడే కాంట్రాక్టు కార్మికుడి ముఖాన్ని అది కాపాడగలదు. ఆ నిర్ణయం ఆయనది కావాలి. ఫోటో బయటపెట్టే ముందు ఆయనకు చూపించి అడగండి.

జై భీమ్.