చెవి హోరు – రెండు వైద్యముల నడుమ వృద్ధుల క్షేమము
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బావులు, బాటలు, బడులను గూర్చి మనము తరచుగా చర్చించుచుందుము. నేడు మన గ్రామములలోని ముసలివారి చెవులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని ప్రాణముమీదికి తెచ్చు ప్రమాద మొకటి దీనియందు దాగియున్నది.

60 ఏండ్లు దాటిన పెద్దలు పలువురు, “చెవిలో కీచురాళ్లు అరచినట్లున్నది, రాత్రి నిద్ర పట్టుట లేదు” అని చెప్పుచుందురు. బయట ఏ చప్పుడు లేకున్నను వారికి హోరు వినబడుచునే యుండును. ఆయుర్వేదము దీనిని కర్ణనాద మన్నది. సుశ్రుతుడు చెప్పిన 28 కర్ణరోగములలో ఇది యొకటి. మన లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగము కలదు. అందలి మిక్కిలి సన్నని రోమకణములు ధ్వనిని గ్రహించి మెదడునకు అందించును. వార్ధక్యము వలనను, పెద్ద చప్పుళ్ల వలనను ఈ కణములు నశించును. నశించినవి మరల మొలవవు. చెవినుండి రావలసిన ధ్వని తగ్గినపుడు ఆ లోటును మెదడే హోరుతో నింపుకొనునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

వార్ధక్యము వలన కలిగిన ఈ హోరును పూర్తిగా మాన్పు మందు నేటివరకు లేదు. అందుచేత వృద్ధులు సంతలో అమ్ము పొడులను, ప్రకటనలలో చూచిన గుళికలను ఆశ్రయింతురు. అట్టివానిలో పేరుపడినది జింకో అను చైనా దేశపు చెట్టు ఆకుల సారము. దీనిపై జరిగిన పరీక్షలను 2022లో కోక్రేన్ సంస్థవారు సమీక్షించి, చెవి హోరునకు దానివలన కలుగు మేలు బహు స్వల్పము లేదా శూన్యమని తేల్చిరి.

“మేలు లేకున్న పోనిండు, ఆకు పసరే గదా, కీడు లేదు” అని కొంద రనవచ్చును. అసలు అపాయ మిచ్చటనే కలదు. సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైన్ మలేరియాను మాన్పినది. మోతాదు మించినపుడు అదే చెవులలో హోరు పుట్టించినది. చెట్టునుండి వచ్చినదైనను మందు మందే. రెండు మందులు ఒకే శరీరములో కలిసినపుడు ఒకటి రెండవదాని బలమును పెంచవచ్చును, లేదా తగ్గింపవచ్చును.

కొన్ని ఉదాహరణములు చూడుడు. గుండె జబ్బు వచ్చినవారికి రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటి మందు లిత్తురు. వానితో జింకో, వెల్లుల్లి సారము, పసుపు సారపు గుళికలు చేరినచో రక్తస్రావమయ్యే ప్రమాదము పెరుగవచ్చును. కూరలో వేసికొను పసుపు, వెల్లుల్లి వేరు. వాని సారమును కూర్చిన గుళికలు వేరు. అతిమధురమును ఎక్కువగా, చాలనాళ్లు సేవించిన రక్తపోటు హెచ్చును, శరీరములో పొటాషియము తగ్గును. రక్తపోటు మాత్రలు, మూత్రము జారీచేయు మాత్రలు వాడువారికి ఇది హానికరము. నిద్రమాత్రలతో అశ్వగంధ చేరిన మత్తు హెచ్చి, ముసలివారు తూలి పడవచ్చును. మధుమేహపు మాత్రలతో పొడపత్రి, మెంతి సారము చేరిన రక్తములో చక్కెర మితిమీరి తగ్గవచ్చును.

మరియొక సంగతి. డాక్టరు ఇచ్చిన మందే ఒక్కొక్కప్పుడు హోరునకు కారణము కావచ్చును. హెచ్చు మోతాదు ఆస్పిరిన్, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ సూదిమందులు ఈ కోవకు చెందినవి. అట్లని తమంతట తాము మందు మానుట మరింత ప్రమాదము. హోరు మొదలైన సంగతి వెంటనే డాక్టరునకు తెలుపవలెను.

ఇరువురు వైద్యులను ఆశ్రయించుట తప్పు కాదు. ఒకరికి తెలియకుండ మరియొకరి మందు తినుటయే తప్పు. కావున ప్రతి వృద్ధుడును తాను తినుచున్న మాత్రలు, లేహ్యములు, చూర్ణములు, కషాయములు అన్నియు ఒకే కాగితముపై వ్రాయించుకొని, ఆ కాగితమును డాక్టరునకును, ఆయుర్వేద వైద్యునకును చూపవలెను. కన్ను ఆపరేషనునకు, పన్ను తీయించుకొనుటకు ముందు తప్పక చూపవలెను. క్రొత్త మందు మొదలిడిన పిదప నల్లని విరేచనము, చిగుళ్లనుండి రక్తము, తల తిరుగుట కనిపించిన ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

హోరు ఒక చెవిలోనే యున్నను, నాడితోపాటు కొట్టుకొనుచున్నను, చెవి కారుచున్నను చెవి వైద్యునకు చూపవలెను. వినికిడి హఠాత్తుగా పోయినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు. కాచిన నూనె చెవిలో పోయరాదు. ఒక్కొక్కప్పుడు గట్టిపడిన గులిమిని తీయించినంతనే హోరు తగ్గును. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము పెట్టినచో పలువురికి హోరు బాధ తగ్గుచున్నది. 2017లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్రింద పేద వృద్ధులకు ఇట్టి యంత్రములను ఉచితముగా పంచిరి.

పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన పనులు మూడు. ఆశా కార్యకర్త సాయముతో ప్రతి వృద్ధుని యింట మందుల కాగితము వ్రాయింపుడు. లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ లేని పొట్లములను కొనవద్దని చాటింపుడు. చెవుడు మాన్పెదమను ప్రకటనలను 1954 నాటి ఔషధములు, మాంత్రిక చికిత్సల చట్టము నిషేధించినది. అట్టి ప్రకటనలు ఊరిలో కనిపించిన అధికారులకు తెలుపుడు. మందు వికటించిన సంగతిని 1800-180-3024 నెంబరునకు ఉచితముగా ఫోను చేసి తెలుపవచ్చును.

చెవిలో హోరు ముసలితనపు బాధ. దానిని తగ్గించుకొనబోయి ప్రాణమునకు ముప్పు తెచ్చుకొనరాదు. ఒక్క కాగితపు ముక్క ఆ ముప్పును తప్పింపగలదు. ఆ కాగితమును ఇంటింటను ఉంచు బాధ్యత మీది.