సాక కల్లు, బల్ల గిన్నె



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పాస్టరు అయ్యగారు తన పేరు ఎక్కడా అచ్చు వేయొద్దని చెప్పి పోయారు. అందుకే ఈ చిన్న పుస్తకం అట్ట మీద కూడా 'అయ్యగారి స్మారకోపన్యాసం' అనే ఉంటుంది. నేనూ ఆ మాట దాటను.

నేను సున్నిపెంటలో పెరిగినవాణ్ణి. మా నాయన శ్రీశైలం డ్యాం పనిలో మేస్త్రీ. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. దాని పని మీద బతికిన కుటుంబాలు ఈ కొండల్లోకి ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. పని దిగిన సాయంత్రం నాయన ఏ దారిన ఇంటికి వస్తున్నాడో చూసి, కూలి ఎంత మిగిలిందో అమ్మ గడపలోంచే చెప్పేది. ఒక దారిలో సరుకుల అంగడి, ఇంకో దారిలో సారా అంగడి. కాబట్టి ఈ విషయం మీద తటస్థంగా మాట్లాడటం నాకు చేతకాదు. ముందే ఒప్పుకుంటున్నా.

అయినా ఇవాళ తాగుడు చెడ్డదని చెప్పడానికి రాలేదు. అది చెప్పడానికి ఉపన్యాసం ఎందుకు, బెల్టు షాపు పక్కింటి ఆడబిడ్డను అడిగితే చాలు. నేను ఎత్తుకున్న ప్రశ్న వేరు. క్రైస్తవుడు మితంగా పుచ్చుకోవచ్చా? అది అతని స్వేచ్ఛలో భాగమేనా?

ఈ ప్రశ్నను మా చిన్నప్పుడు ప్రాజెక్టు వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన అందరి ముందూ అయ్యగారి మీదికి విసిరాడు. "అయ్యగారూ, కానా ఊరి పెండ్లిలో ప్రభువు చేసింది కిస్మిస్ నీళ్లా?"

అందరం నవ్వాం. ఎందుకంటే అయ్యగారి ఇంటి అమ్మగారు నెలలో మొదటి శనివారం సాయంత్రం చేసే పని మాకందరికీ తెలుసు. నల్ల ఎండు ద్రాక్ష కడిగి నానబెట్టేది. ఉబ్బినాక అదే నీళ్లలో ఉడికించి, చేత్తో పిసికి, తెల్లటి పాత చీర ముక్కలో వడగట్టేది. ఆ గుడ్డకు అంటిన ఊదారంగు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. మర్నాడు ప్రభువు బల్ల మీదికి వచ్చేది ఆ రసమే.

అయ్యగారు నవ్వలేదు. "కాదు నాయనా, పులిసిన ద్రాక్షారసమే. ఆరు రాతి బానలు" అన్నారు. ఒప్పుకున్నందుకు పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. ఈనాటి లెక్కలో ఆ బానల్లో అయిదారు వందల లీటర్లు పడతాయి. అందులో మత్తు లేదని వాదించేవాళ్లున్నారు గానీ, యోహాను రెండో అధ్యాయంలోని విందు ప్రధాని మాటలు ఆ వాదానికి అడ్డు నిలుస్తాయి. మంచి రసం ముందు పోసి, జనం బాగా తాగాక నాసిరకం పోయడం లోకరీతి అని ఆయన పరిహాసమాడాడు. పచ్చి రసానికి ఆ పరిహాసం ఎట్లా అతుకుతుంది?

మన తెలుగు బైబిలు కూడా ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. గ్రీకులో ఓయినోస్ అని ఒకటే మాట. కానాలో, తిమోతికి పౌలు కడుపు జబ్బుకు కొంచెం పుచ్చుకొమ్మని రాసినచోట అది 'ద్రాక్షారసము' అయింది. ఎఫెసీ పత్రికలో మత్తు కావద్దని హెచ్చరించినచోట అదే 'మద్యము' అయింది. అనువాదకులు తప్పు చేశారని నేననను, సందర్భాన్ని బట్టి మాట మార్చారు. కానీ తెలుగు చదువరికి మంచి పానీయం ఒకటి, చెడ్డ పానీయం ఒకటి, రెండు వేర్వేరు సీసాలు కనిపిస్తాయి. మూలంలో సీసా ఒకటే. తేడా అంతా తాగినవాడి దగ్గర వస్తుంది.

ఇక వీధిలోకి వస్తే బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది. లోపల వైన్ అడిగేవాడు నూటికి ఒకడు కూడా కనపడడు. బ్రాందీ, విస్కీ, రమ్. పౌలు కాలంలో బట్టీ పెట్టి దింపిన సారా లేదు. గ్రీకు, రోమను ఇళ్లలో ద్రాక్షారసంలో ఒకటికి రెండు మూడు పాళ్లు నీళ్లు కలుపుకొని తాగేవారు. అట్లా కలిపితే మత్తు మన ఈత కల్లుకు దగ్గరగా వస్తుంది. మన దేశంలో అమ్మే బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాలు 42.8 శాతం. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అరవై గ్రాముల చొక్కపు ఆల్కహాలు. పది గ్రాములను ఒక పానీయంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టుకుంటుంది. అంటే "ఒక్క క్వార్టరేగా" అన్న మాటలో ఆరు పానీయాలున్నాయి. మితం అనే మాట వాడేవాళ్లు ముందు ఈ కూడిక చేయాలి. 'మందు' అని ముద్దుపేరు పెట్టుకున్న భాష మనది. తిమోతికి చెప్పింది నిజంగా మందే, మోతాదుతో సహా. మనం పేరు ఉంచుకుని మోతాదు పారేశాం. ఏ మోతాదూ ఆరోగ్యానికి నిరపాయం అనలేమని అదే సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. అయితే వైద్యుడి మాటతో వేదాంతపు చిక్కు తీరదు. ఉప్పూ నెయ్యీ కూడా వైద్యుడు తగ్గించమనేవే.

అసలు చిక్కు పౌలు కొరింథు సంఘానికి రాసిన పత్రికలో, ఒక అధ్యాయంలో ఉంది. అక్కడ తగాదా వచ్చింది మాంసం మీద. విగ్రహానికి అర్పించిన మాంసం అంగట్లోకి వచ్చేది. విగ్రహం ఉత్తదే, మాంసం మాంసమే, తింటే ఏమిటి అని తెలిసినవాళ్లు తినేవారు. నిన్నటిదాకా ఆ గుడిలో మొక్కినవాడు మాత్రం దాన్ని ఉత్త మాంసంగా చూడలేకపోయేవాడు. ముద్ద నోట్లో పెట్టగానే పాత దేవుడు గుర్తొచ్చేవాడు. పౌలు తెలిసినవాళ్ల తర్కం సరైనదే అన్నాడు. అన్నాక, ఆ తెలివితో తమ్ముణ్ణి పడగొట్టే పనైతే తాను జన్మలో మాంసం ముట్టనన్నాడు.

ఈ అధ్యాయాన్ని దొరల దేశంలో చదివితే పాత సంగతిలా ఉంటుంది. మన సీమలో చదివితే నిన్నటి సంగతి. సుంకులమ్మ ముందు, మారెమ్మ ముందు, ఎల్లమ్మ ముందు మన తాతలు కల్లు సాక పోశారు. దేవరలో మొదటి చుక్క అమ్మవారిది, తర్వాతిది మనది. కాబట్టి మన పల్లెల్లో మొదటి తరం విశ్వాసి కల్లు ముంత దించినప్పుడు, దించింది వ్యసనం ఒక్కటే అనుకోలేం. ఒక దేవర, ఒక కులపు కట్టు, ఒక అప్పు కూడా దించాడు. పెండ్లికి, చావుకు, పంచాయితీకి, ఆసామి దయకు అన్నిటికీ ఆ ముంతే సాక్షి. "ప్రభువులోకి వచ్చాను, ముట్టను" అనడంలో ఇదంతా ఉంది. బాప్తిస్మపు నీళ్లు ఆరేలోగా ఊరు చూసిన మొదటి గుర్తు అదే.

ఈ సంగతి తెలిసిన బిషప్పు ఒకరుండేవారు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య. దోర్నకల్ నుంచి పల్లె సంఘాలను తిరిగి చూసిన ఆయన మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ దయ్యాలుగా లెక్కబెట్టారు. అప్పును, తాగుడును పక్కపక్కన కూర్చోబెట్టడంలోనే ఆయన చూపు తెలుస్తుంది.

మనకు మతం తెచ్చిన మిషన్లన్నిటికీ బల్ల గిన్నె విషయంలో ఒకే అలవాటు లేదు. లండన్ మిషన్‌వారు 1822లో కడపలో దిగారు. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఆంగ్లికన్ ఎస్.పి.జి.వారు పనిచేశారు. ఆంగ్లికన్లది పులిసిన రసం, ఉమ్మడి గిన్నె. కర్నూలు అమెరికన్ బాప్టిస్టులది. వాళ్ల దేశంలో 19వ శతాబ్దంలో ఇంటింటా తెలిసిన సంఘ నిబంధనలో మత్తు పానీయాలు అమ్మం, తాగం అన్న వాగ్దానం ఉండేది. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసం పులవకుండా సీసాలో నిలవ చేయడం కనిపెట్టింది కూడా సంస్కారపు బల్ల కోసమే. కథోలిక సంఘం మాత్రం ఇవాళ్టికీ బలిపూజకు చొక్కమైన ద్రాక్షసారాయమే ఉండాలంటుంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది చేరకుండా బయటే ఉండిపోయారు. ఆ తగువు అభిషేకాల గురించి, గిన్నెలో ఏముందన్న దాని గురించి కాదు. మనవాళ్లు గిన్నె గురించి మాత్రం విడిపోలేదు, అంతవరకు సంతోషం.

క్రైస్తవ స్వేచ్ఛ అనగానే లూథరు పేరు వస్తుంది. 1520లో ఆయన రాసిన చిన్న పుస్తకం సారం ఇది: విశ్వాసి ఎవరికీ దాసుడు కాడు, అందరికీ దాసుడే. ఆయన భార్య కాథరీనా ఇంట్లోనే బీరు కాచేది. మితవాదులు మొదటి సగాన్నీ, ఆ బీరునూ పట్టుకుంటారు. రెండో సగం మర్చిపోతారు. 1743లో వెస్లీ తన సమాజాలకు పెట్టిన నియమాల్లో బట్టీ సారాలను కాదన్నాడు, ద్రాక్షారసాన్ని కాదనలేదు. ఆ గీత నాకు నచ్చుతుంది. కానీ మన వీధిలో ఆ గీతకు అవతల తప్ప ఇవతల అమ్మే సరుకే లేదు.

ఒక పొరపాటు సరిదిద్దాలి. కొరింథు పత్రికలో 'బలహీనుడు' అనగానే మనం తాగుడు మానలేనివాణ్ణి అనుకుంటాం. పౌలు దృష్టిలో బలహీనుడంటే మనస్సాక్షి ఒప్పనివాడు. ఎదుటివాడు తింటుంటే చూసి, తప్పనుకుంటూనే తానూ తినేవాడు. ఆ లెక్కన మన సంఘాల్లో తాగుడును ఘోరపాపం అనుకునే పెద్దలు బలహీనులు, చదువుకుని ఒక గ్లాసుతో ఆగేవాళ్లు బలవంతులు! ఈ మాటకు ఎవరికి కోపం రావాలో నాకు తెలియదు. కానీ సీమలో మూడో మనిషి ఉంది. ఆమె తాగదు. ఆమె మనస్సాక్షికి ఏ చిక్కూ లేదు. చేతిలో కూలి డబ్బు మాత్రం ఉండదు. కొరింథు పత్రికలో ఆమెకు స్థానం ఉందా అంటే, ఉంది, పదకొండో అధ్యాయంలో. ప్రభువు బల్ల దగ్గరే ఒకడు ఆకలితో ఉండగా ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. ఆ ఆకలి ఆమెది.

ఆమె మాట చట్టసభల దాకా వెళ్లింది. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధాన్ని కడప, చిత్తూరు జిల్లాలకు తెచ్చింది. అది పైనుంచి దిగిన చట్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా పాటలు ఆపించారు. అది కిందనుంచి లేచిన చట్టం. కర్నూలు జిల్లావాడైన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు మొత్తం మద్యమే మూయించారు. 1997లో అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ మూసిన రెండేళ్లలో మా కాలనీలో కొందరు మానేశారు, కొందరు సారా కోసం అడవిలోకి నడిచారు. నిషేధం మనిషికి దారి దూరం చేస్తుంది, మనసు మార్చదు. అయితే దారి దూరం కావడమూ చిన్న మేలేమీ కాదని మా అమ్మ అనేది.

ఇక మన ఇరుగుపొరుగు. శ్రీశైలం కొండ మీదికి శివమాల వేసుకుని వచ్చేవాళ్లను చూస్తూ పెరిగాం. మండలం రోజులు ముట్టరు. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల గుండా నడిచి వస్తారు. భ్రమరాంబకు చైత్రంలో జరిగే కుంభోత్సవంలో ఒకప్పటి జీవబలి పోయి గుమ్మడికాయలు, కొబ్బరికాయలు వచ్చాయి. దేవుడి ముందు పోసేది, కోసేది మారగలదని ఆ కొండ మనకు చూపించింది. ఇట్లాంటి చోట, మాల దించిన సాయంత్రమే సీసా ఎత్తేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. లెంటు నలభై రోజులు మానేసి, ఈస్టరు ఆదివారం చీకటి పడగానే సీసా కోసం గేటు దాటేవాళ్లు మన వరసలో లేరా?

నా మాట చెప్పేస్తాను. వాక్యం తాగడం మొత్తాన్ని పాపం అనలేదు. సంఘం కూడా అనకూడదు. అంటే దేవుడి నోట లేని మాట పెట్టినట్టే. ఇంట్లో ఒక గ్లాసు పుచ్చుకున్న చదువుకున్న పిల్లవాణ్ణి బల్లకు ఆపడం తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, మానలేక మళ్లీ పడిన కూలీని ఆపడం. ఆకలిగొన్నవాణ్ణే బల్ల దగ్గరినుంచి లేపినట్టు. మరి నేను? ముట్టను. నాకు హక్కు ఉంది, తెలుసు. సున్నిపెంటలో ఆ హక్కు వాడుకుంటే ఎవరి వంటింట్లో పొయ్యి ఆరుతుందో కూడా తెలుసు. పౌలు జీతం తీసుకునే హక్కు రుజువు చేసి మరీ వదులుకున్నాడు. హక్కు లేనివాడు వదులుకోవడానికి ఏముంటుంది?

ఆ వర్క్‌షాపు ఆయన కథ మిగిలింది. "అయితే నేను తాగొచ్చా అయ్యగారూ?" అని రెట్టించాడు. "నన్నడగొద్దు నాయనా. ఇంటికి పోయి నీ పెండ్లాన్ని అడుగు. ఆమె సరే అంటే నా దగ్గరికి రా" అన్నారు అయ్యగారు. ఆయన మళ్లీ రాలేదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా కూర్చుని మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇవాళ తెలుగు ఊళ్లలోనూ నడుస్తోంది. వాళ్లకు కావలసింది ఒక గది, నాలుగు కుర్చీలు, టీ. గుడి వెనక సండేస్కూలు గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటోంది. మతం అడగకుండా, పేరు అడగకుండా బుధవారం సాయంత్రం అది తెరవండి. పులిసిన రసమా, ఎండు ద్రాక్ష రసమా అన్న చర్చ గురువారం పెట్టుకుందాం.

అమ్మగారి తర్వాత ఆ ద్రాక్ష వడగట్టేది ఇప్పుడు మా చెల్లెలు. గుడ్డ అదే.